ఎవరో తోసినట్టుండాది

గౌసియా బీ చిత్తూరు సంతపేటలో ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. పదిహేడేళ్ళుగా నా జాకెట్లన్నీ ఆమె చేతివే. ఆమె కూతురు రేష్మా మా బడిలో చదివింది. నేను అక్కడ తెలుగు టీచర్ని, పేరు వేదవల్లి. ఇక్కడ రాస్తున్నవాటిలో కొన్ని నేను కళ్ళారా చూసినవి. మిగిలినవి గౌసియా కుట్టుమిషను ముందు కూర్చుని, ఒక్కోసారి చేతిలో పని ఆపి, ఒక్కోసారి ఆపకుండానే చెప్పినవి. వాళ్ళింట్లో ఉర్దూ, తెలుగు ఒకే వాక్యంలో కలిసిపోతాయి. నేను తెలుగులోనే రాస్తున్నాను. రాస్తానంటే ఆమె వద్దనలేదు.

"మా అన్న పేరు మాత్రం మార్చొద్దు టీచరమ్మా. యాడన్నా ఒక తావ ఆయన పేరు తిన్నగా ఉండనీ" అంది.

ఆ అన్న పేరు జియావుల్లా. గౌసియాకంటే మూడేళ్ళు పెద్ద. వాళ్ళ నాయన వలి బాషా గ్యాస్ స్టవ్వులు, కుక్కర్లు బాగుచేసేవాడు. వలి బాషా, ఆయన భార్య సొంత మేనత్త మేనమామ బిడ్డలు. ఆ కుటుంబంలో మూడు తరాలుగా పెళ్ళిళ్ళన్నీ అట్లా లోపల్లోపలే జరిగాయి. అది మంచిదా చెడ్డదా అని ఎవరూ ఆలోచించలేదు.

జియావుల్లాకు చదువు అబ్బలేదు గానీ అక్షరం అబ్బింది. పద్నాలుగేళ్ళకే బోర్డులు రాసే పెయింటరు దగ్గర చేరాడు. రెండేళ్ళు తిరక్కుండా తనే సొంతంగా రాయడం మొదలుపెట్టాడు. తెలుగు, తమిళం, ఉర్దూ, ఇంగ్లీషు, నాలుగూ వచ్చు. మామిడికాయల మండీల గేట్ల మీద, లారీల వెనక, షాపుల షట్టర్ల మీద ఆ పిల్లవాడి చేతివ్రాత ఉండేది. సున్న చుడితే కొలత పెట్టి చుట్టినట్టు ఉండేదట. గౌసియా సాయంత్రం పూట అన్నకు టీ తీసుకుని వెళ్ళి, నిచ్చెన కింద నిలబడి చూసేది. పైన అన్న, కింద రంగు డబ్బాలు, మధ్యలో తడి అక్షరాలు.

పదహారో ఏట ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, నిచ్చెన దిగుతూ మూడు మెట్లు ఉండగానే కింద పడ్డాడు. దెబ్బ పెద్దగా తగల్లేదు. లేచి, దుమ్ము దులుపుకుని వెనక్కి తిరిగి చూశాడు.

"గౌసీ, ఎవురన్నా నన్ను తోసినారా?"

"ఎవురూ లేరు కదన్నా."

"ఎవరో తోసినట్టుండాది" అన్నాడు.

తర్వాత చాలాసార్లు ఆ మాట అన్నాడు. వెలుతురు ఉన్నంతసేపూ బాగానే నడిచేవాడు. చీకటి పడితే గోడ పట్టుకునేవాడు. అక్షరాల అంచులు వణకడం మొదలైంది. బ్రష్షు మంచిది కాదన్నాడు, రంగు పలచనైందన్నాడు, కొత్త బ్రష్షు కొన్నాడు. ఒక షాపాయన "నీ బోర్డు సూస్తే నాకే తల తిరగతా ఉండాదప్పా" అని నవ్వి, ఆ బోర్డు ఇంకొకరి చేత తుడిపించి మళ్ళీ రాయించుకున్నాడు.

ఒక శుక్రవారం మసీదులో నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుంటూ, ముఖం మీద నీళ్ళు చల్లుకోవడానికి కళ్ళు మూసుకున్నాడు. అంతే, ముందుకు తూలి నీళ్ళతొట్టిలో పడిపోయాడు. నలుగురు పట్టి లేపారు. వాళ్ళలో ఒక పెద్దాయన అతని నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. జియావుల్లా ఇంటికి వచ్చి తల్లితో ఆ సంగతి చెప్పలేదు. గౌసియాతో చెప్పాడు. "నా నోరు వాసన సూసినాడు గౌసీ" అని. ఆ తర్వాత అతను మసీదుకు వెళ్ళలేదు.

ఊళ్ళో రెండు మాటలు పుట్టాయి. తాగుతున్నాడని మగవాళ్ళు, గాలి సోకిందని ఆడవాళ్ళు. తల్లి రెండోదాన్నే నమ్మింది, ఎందుకంటే మొదటిది నమ్మడానికి ఆమెకు మనసు రాలేదు. పలమనేరు దారిలో ఒకాయన గాలి వదిలిస్తాడని చెబితే కొడుకును తీసుకుని వెళ్ళింది. గౌసియా కూడా వెళ్ళింది. ఆయన జియావుల్లాను తలుపులు వేసిన గదిలో పాదాలు దగ్గరగా పెట్టి నిలబడమన్నాడు. కళ్ళు మూసుకోమన్నాడు. మూసుకున్న క్షణంలో జియావుల్లా పక్కకు ఒరిగి పడిపోయాడు. కళ్ళు తెరిచి లేవమన్నాడు. లేచాడు. మళ్ళీ మూసుకోమన్నాడు. మళ్ళీ పడ్డాడు.

"సూసినారా? కండ్లు మూస్తే అది వస్తాది" అన్నాడాయన.

ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? అన్న నాలుగుసార్లు పడటం, నాలుగోసారి లేవనని నేలమీదే పడుకుని ఏడవడం గౌసియా గుమ్మంలోంచి చూసింది. చేతికి తాయెత్తు కట్టుకుని ఇంటికి వచ్చారు.

వలి బాషాకు మాత్రం ఆ మాట మీద గురి లేదు. కొడుకును పక్క రాష్ట్రంలో ఒక పెద్ద ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మోకాలి మీద చిన్న సుత్తితో కొడితే కాలు ఎగరలేదట. ఇది వంశంలో వచ్చే నరాల జబ్బు, దీనికి మందు లేదు, బలమైన తిండి పెట్టండి అని చెప్పి పంపారు. ఆయన తిరిగి వచ్చి, సంచీ కూడా దించకుండా, ఎవరిదో స్టవ్వు ముందేసుకుని దాని బర్నరు కన్నాలు ఒక్కొక్కటీ సూదితో పొడుస్తూ కూర్చున్నాడు. భార్య ఏమన్నారని అడిగితే, "శెనక్కాయలు బాగా పెట్టమన్నారు" అన్నాడు.

పెట్టారు. ఉడకేసి, వేయించి, బెల్లంతో ఉండలు చేసి పెట్టారు. జియావుల్లా తిన్నాడు. ఇరవై మూడేళ్ళకు మంచం పట్టాడు.

మాట ముద్దగా వచ్చేది గానీ మనిషి తెలివిగానే ఉన్నాడు, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. కాళ్ళు ఎక్కడున్నాయో మాత్రం అతనికి తెలిసేది కాదు. దుప్పటి తీసి చూస్తే తప్ప, మంచం మీద ఉన్నాయో కిందకు వేలాడుతున్నాయో చెప్పలేడు. సాయంత్రం కరెంటు పోతే భయపడిపోయేవాడు. "గౌసీ, ఈడుండావా? కాళ్ళు పట్టుకో. యాడుండాయో తెలీలేదు" అనేవాడు. ఆమె వెళ్ళి చీలమండలు రెండూ గట్టిగా పట్టుకుని కూర్చునేది. కరెంటు వచ్చేదాకా వదిలేది కాదు.

గౌసియాకు పెళ్ళి కుదిరింది ఆ రోజుల్లోనే. వరుడు ఫైజల్, మేనమామ కొడుకు, బోరు మోటార్ల మెకానిక్కు. కుట్టుపని నేర్చుకునేచోట ఒక స్నేహితురాలు, ముఖం నిగనిగలాడాలంటే మందులషాపులో మెత్తటి మాత్రలు దొరుకుతాయని, సూదితో పొడిచి లోపలి నూనె రాసుకోమని చెప్పింది. గౌసియా ఒక పట్టీ తెచ్చుకుంది. అన్న మంచం దగ్గర కిటికీలోంచి వెలుతురు బాగా వస్తుంది. అక్కడే అద్దం పెట్టుకుని, మిషను సూదితో మాత్ర పొడిచి, ముఖానికి రాసుకుంటూ ఉంటే జియావుల్లా చూశాడు.

"ఏంది అది?"

"మొగానికి పూసుకునేది."

"ఒకటి ఇట్లా ఇయ్యి." వణికే వేళ్ళతో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. "బలే ఉండాదే, తేనె బొట్టు మాదిరి. ఇది మింగేది కదా, పూసుకునేదా?" అని నోటి దాకా తీసుకెళ్ళాడు.

గౌసియా నవ్వుతూ లాక్కుంది. "ఉండేవే పది. నువ్వు తినేస్తే నా మొగానికేం పూసుకునేది?"

జియావుల్లా కూడా నవ్వాడు. ఆ తర్వాత నాలుగేళ్ళు బతికాడు. చివర్లో గుండె కూడా బలహీనపడింది. ఇరవై ఎనిమిదో ఏట, ఒక మధ్యాహ్నం అన్నం తినిపించి తల్లి చెయ్యి కడుక్కుని వచ్చేలోపల పోయాడు. కబురు అందేసరికి గౌసియా మెట్టినింట్లో ఎవరిదో పెళ్ళి జాకెట్టుకు చేతులు అతుకుతోంది.

రెండేళ్ళకు రేష్మా పుట్టింది.

అన్న పోయాక గౌసియా ఊళ్ళో నడిచే దారులు మారిపోయాయి. జియావుల్లా అక్షరాలు ఇంకా అక్కడక్కడా మిగిలే ఉన్నాయి. మండీ గేట్ల మీద తొలినాళ్ళ అక్షరాలు గుండ్రంగా, నిండుగా ఉంటాయి. పాత బస్టాండు వైపు ఒక సైకిల్ షాపు గోడమీద కొంచెం వంకర. మిట్టూరులో మూతపడిన పిండిమర షట్టరు మీద రాసినవే ఆఖరివి. అవి అక్షరాల్లా ఉండవు, ఎవరో పరిగెత్తుతూ గీసినట్టు ఉంటాయి. ఆ వీధి తప్పించి ఆమె చుట్టూ తిరిగి వెళ్ళేది. అటుగా వెళ్ళాల్సి వస్తే తల వంచుకునేది.

ఇక నా వంతు. దీన్ని దాచిపెట్టి మిగిలింది రాయడం న్యాయం కాదు.

2023లో రేష్మా ఎనిమిదో తరగతి. అంతకుముందు ఏడాది ముత్యాల్లా రాసిన పిల్ల, ఆ ఏడాది గీతల మధ్య నిలబడని అక్షరాలు రాయడం మొదలుపెట్టింది. నేను ఆమె నోట్సులో ఎర్రసిరాతో "దస్తూరి మీద శ్రద్ధ లేదు" అని రాశాను. ఒకసారి కాదు, మూడుసార్లు రాశాను. మూడోసారి కింద గీత కూడా గీశాను. పిల్ల పెన్ను మార్చుకుంది.

డిసెంబరులో ఒక ఉదయం ప్రార్థన జరుగుతోంది. పిల్లలంతా కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. రేష్మా ముందు వరుసలో ఉంది. చూస్తుండగానే ఆ పిల్ల ముందుకూ వెనక్కూ ఊగి, నిలువునా పక్కనున్న పిల్ల మీద పడింది. పిల్లలు నవ్వారు. నేను పొద్దున ఏమీ తినకుండా వచ్చి ఉంటుందనుకుని, స్టాఫ్ రూములో కూర్చోబెట్టి బిస్కెట్లు ఇచ్చాను. తినడానికి తీసుకుంది. బిస్కెట్టు నోటి దగ్గరికి వెళ్ళేసరికి ఆ చెయ్యి వణకడం చూశాను.

మరుసటి రోజు గౌసియా బడికి వచ్చింది. బురఖా ముసుగు వెనక్కి తీసి, రేష్మా తెలుగు నోట్సు చేతిలో పట్టుకుని నిలబడింది. నేను రాసిన ఎర్ర వాక్యం గురించి అడుగుతుందేమో అనుకున్నాను.

"టీచరమ్మా, ఈ అచ్చరాలు ఎప్పట్నించి ఇట్లా వస్తా ఉండాయి?"

"జూలై, ఆగస్టు నుంచి. ఏమైంది గౌసియా?"

ఆమె గోడకు ఆనుకుంది. ముందురోజు సాయంత్రం రేష్మా కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటూ పడిపోయిందట. పరిగెత్తి లేపితే వెనక్కి తిరిగి చూసిందట.

"ఎవరో తోసినట్టుండాది అమ్మీ అనింది. అవే మాటలు. మా అన్న సంగతి ఆ పిల్లకి నేనెప్పుడూ చెప్పలేదు టీచరమ్మా. ఎవురూ చెప్పలేదు. ఆ మాట దాని నోట్లోకి యాడ్నించి వచ్చింది?"

గంట కొట్టాక ఆమె నన్ను మిట్టూరు తీసుకెళ్ళింది. పదిహేనేళ్ళుగా తప్పించుకు తిరిగిన వీధికి తనే నడిచింది. పిండిమర షట్టరు ముందు నిలబడి నోట్సు తెరిచి పట్టుకుంది. షట్టరు మీద తుప్పులోంచి కనబడుతున్న 'మిల్లు' అన్న మాట. నోట్సులో రేష్మా రాసిన 'ఇల్లు' అన్న మాట. రెండిట్లోనూ 'ల్లు' ఒకే తీరుగా ఒరిగి, చివర ఒకే తీరుగా తెగిపోయింది. నేను దెయ్యాల్ని నమ్మేదాన్ని కాదు. ఆ నిమిషంలో మాత్రం చచ్చిపోయిన ఒక మనిషి చెయ్యి ఆ పిల్ల చేతిమీద ఉన్నట్టే అనిపించింది.

ఇంట్లో గొడవ మొదలైంది. ఫైజల్ వాళ్ళమ్మ, పలమనేరు దారి పెద్దాయన లేకపోయినా ఆయన కొడుకు ఉన్నాడు కదా, పిల్లను తీసుకెళ్దామంది.

"నా బిడ్డని ఆ గదిలో నిలబెట్టనీను. దాన్ని పడేసి సూసేదానికి ఎవురికీ ఇయ్యను" అంది గౌసియా.

"మరి ఏం చేస్తావు? డాక్టర్లు మీ అన్నకి ఏం చేసినారు?" అన్నాడు ఫైజల్. వేళాకోళంగా కాదు, దిక్కుతోచక అడిగాడు.

జనవరిలో గౌసియా, రేష్మా, నేను తిరుపతి బస్సెక్కాం. బడికి సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. నేను వెళ్ళకుండా ఉండలేని స్థితిలో ఉన్నాను. అక్కడ ఒక ఆసుపత్రిలో నరాల విభాగంలో రూపశ్రీ అనే చిన్న డాక్టరు మమ్మల్ని చూసింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. తొందరపడలేదు. తల్లిదండ్రులు దగ్గరి బంధువులా అని అడిగింది. ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా వచ్చిందా అని అడిగింది. గౌసియా అన్న గురించి చెబుతుంటే పెన్ను పక్కన పెట్టి విన్నది.

తర్వాత లేచి, "పాపా, ఇట్లా వచ్చి పాదాలు రెండూ దగ్గరగా పెట్టి నిలబడు. ఇప్పుడు కళ్ళు మూసుకో" అంది.

"వద్దు!" గౌసియా కుర్చీలోంచి లేచి అరిచింది. "అదొద్దు మేడం. మా అన్నని గూడా ఇట్లే నిలబెట్టినాడు."

డాక్టరుకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక దగ్గరికి వచ్చి, రేష్మా చుట్టూ తన చేతులు రెండూ వలయంలా పెట్టింది. "నేను పట్టుకుంటానమ్మా, పడనివ్వను. మూసుకో పాపా."

రేష్మా కళ్ళు మూసుకుంది, ఒరిగింది. డాక్టరు చేతుల్లో వాలిపోయింది.

"ఎవరో..." అంది రేష్మా.

"ఎవరూ తోయలేదు పాపా. నీ పాదం నేలమీద ఎక్కడుందో చెప్పే నరం ఒకటుంటుంది. ఆ కబురు నీ మెదడుకు సరిగా అందడం లేదు. కళ్ళు తెరిచి ఉంటే కళ్ళతో చూసి సర్దుకుంటున్నావు. మూస్తే ఆ ఆధారం కూడా పోతుంది. అంతే. వెనక ఎవరూ లేరు."

గౌసియా నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది. డాక్టరును అడిగింది. "మా అన్నని గూడా ఎవురూ తోయలేదా?"

"లేదమ్మా."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ఆమెను అంతకుముందు ఏడవగా చూడలేదు.

డాక్టరు ఆశ పెట్టలేదు. ఇలాంటి జబ్బులు వంశంలో వచ్చేవి రకరకాలున్నాయని, చాలావాటికి మందు లేదని చెప్పింది. "ఒకే ఒక్కదానికి ఉంది. చాలా అరుదు. అయినా ముందు అది కాదని తేల్చుకోకుండా మిమ్మల్ని పంపను" అని రక్తం తీయించి బయటి ఊరి ల్యాబుకు పంపింది. పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ గౌసియా రేష్మాను కుళాయి దగ్గరికి ఒంటరిగా వెళ్ళనివ్వలేదు.

ఫలితం వచ్చింది. రేష్మా రక్తంలో విటమిన్ ఇ దాదాపు లేదు.

డాక్టరు రూపశ్రీ చెప్పింది నాకు అర్థమైన మేరకు ఇది. మనం పీల్చే ఆక్సిజన్ తోనే ఒంట్లో ప్రతి కణమూ బతుకుతుంది. ఆ పనిలోనే కొన్ని చెడ్డ అణువులు కూడా పుడతాయి, దగ్గరున్న దేన్నైనా పాడుచేస్తాయి. మెదడు కణాల పొరలు, నరాల పొరలు కొవ్వుతో కట్టినవి. నూనె మూత లేకుండా పెడితే వాసన మారినట్టు, ఆ పొరలు కూడా పాడవుతాయి. విటమిన్ ఇ ఆ పొరల్లోనే ఉండి, కణం మీద పడే దెబ్బ తను తింటుంది. అది లేని మనిషికి అడ్డు ఎవరూ లేరు. దెబ్బలు నేరుగా నరాల మీదే పడుతూ ఉంటాయి, ఏళ్ళ తరబడి.

"శెనక్కాయల్లో ఉండాదంట కదా మేడం అది? మా ఇంట్లో దండిగా తింటామే" అంది గౌసియా.

"తిండిలో లోపం లేదమ్మా. తిన్నదాంట్లోంచి దాన్ని ఏరి రక్తంలోకి పంపేది కాలేయంలో ఒక ప్రొటీను. అది మీ పాపలో పనిచేయడం లేదు. వచ్చింది వచ్చినట్టే పోతోంది. మామూలు తిండితో అందదు. మందు రూపంలో చాలా ఎక్కువగా ఇస్తే కొంతైనా మిగులుతుంది. రోజూ వేసుకోవాలి, బతికినన్నాళ్ళూ. ఇప్పటిదాకా జరిగిన నష్టం అంతా తిరిగి రాకపోవచ్చు. ఇక ముందుకు పోకుండా ఆగుతుంది."

నేను మధ్యలో కలగజేసుకున్నాను. మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు, మతిమరుపు మొదలైంది. ఆమెకూ ఇవి వేయొచ్చా అని అడిగాను. రూపశ్రీ తల అడ్డంగా ఊపింది. "అందరూ అడుగుతారు మేడం. అది ఇంకా తేలలేదు. ఒక పరిశోధన మేలు చేస్తుందంటే ఇంకొకటి లేదంటోంది. ఎక్కువైతే రక్తస్రావం లాంటి ఇబ్బందులూ ఉన్నాయి. ఈ పాప సంగతి వేరు, ఈమెకు లేదు కాబట్టి ఇస్తున్నాం."

చీటీ తీసుకుని కింద మందులషాపుకు వెళ్ళాం. షాపతను పట్టీలు తెచ్చి బల్లమీద పెట్టాడు. మెత్తటి మాత్రలు, లోపల తేనెరంగు నూనె. గౌసియా చెయ్యి చాపి, మధ్యలోనే ఆగిపోయింది. నేనే తీసుకుని సంచీలో వేశాను. బయట సిమెంటు బల్ల మీద కూర్చున్నాక, రేష్మా నీళ్ళు తాగడానికి వెళ్ళినప్పుడు, పెళ్ళికి ముందు కిటికీ దగ్గర జరిగింది మొదటిసారి నాకు చెప్పింది.

"నోటి దాకా తీసకపోయినాడు టీచరమ్మా. నేనే పెరుక్కున్నా. నవ్వతా పెరుక్కున్నా."

లేచి మళ్ళీ పైకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. డాక్టరు వేరే రోగిని చూస్తుంటే గుమ్మంలో నిలబడి అడిగేసింది. "ఆ పొద్దు మా అన్న ఆ మాత్ర మింగుంటే బతికుండునా?"

రూపశ్రీ ఆమెను చూసి బయటికి వచ్చింది. "ఒక్క మాత్రతో ఏమీ అయ్యుండదమ్మా. పది మాత్రలతో కూడా కాదు. అప్పటికే మంచంలో ఉన్నాడు. పైగా ఆ రోజుల్లో ఈ జబ్బు సంగతి డాక్టర్లలోనే చాలామందికి తెలియదు."

"మొదట్లోనే, నిచ్చెన మీంచి పడినప్పుడే, దినామూ వేసుంటే?"

డాక్టరు అబద్ధం చెప్పలేదు. "బహుశా" అంది.

ఆ మాట గౌసియాలో ఉండిపోయింది. తిరుగు బస్సులో అడిగింది. "బహుశా అంటే ఔననేదా, కాదనేదా టీచరమ్మా?" ముప్పై ఏళ్ళుగా తెలుగు చెబుతున్న నేను ఆ ఒక్క మాటకు అర్థం చెప్పలేకపోయాను.

రేష్మాకు మందు మొదలైంది. మూడు నెలలు ఏ మార్పూ కనబడలేదు. ఆరో నెలలో చేతి వణుకు తగ్గింది. ఏడాదికి రోడ్డు దాటేటప్పుడు తల్లి చెయ్యి వదిలేసింది. మోకాలి మీద సుత్తితో కొడితే ఇప్పటికీ కాలు ఎగరదు. చీకట్లో ఇప్పటికీ ఒక చెయ్యి గోడకు ఆనిస్తుంది. కానీ ముఖం కడుక్కుంటూ పడిపోవడం ఆగింది. నేను ఆ పిల్లకు క్షమాపణ చెప్పాను. "ఏం పర్లేదు మేడం" అంది. నాకు మాత్రం ఆ ఎర్ర గీత పర్లేదు అనిపించదు.

గౌసియా అక్కడితో ఆగలేదు. తన పుట్టింటి వంశంలో ఎక్కడెక్కడ ఎవరు తూలుతున్నారో వెతకడం మొదలుపెట్టింది. పెళ్ళిళ్ళలో, చావుల్లో, ఫోన్లలో అడిగేది. మీ ఇంట్లో సీకట్లో పడేవాళ్ళుండారా? జనం ఆమెను చూసి పక్కకు తప్పుకున్నారు. సత్యవేడులో ఆమె మేనత్త కొడుకు ఉన్నాడు. అతని పెద్ద కూతురికి పదిహేడేళ్ళు, మూడేళ్ళుగా గోడ పట్టుకుని నడుస్తోందని తెలిసింది. చిన్నది షబ్రీన్, ఆరేళ్ళది, చలాకీగా గెంతుతూ ఉంది.

మొదటిసారి వెళితే ఇంటావిడ టీ ఇచ్చి పంపింది. రెండోసారి టీ కూడా ఇవ్వలేదు.

"పెండ్లి కావాల్సిన పిల్లోళ్ళుండే ఇంటికొచ్చి జబ్బని చాటుతావా? పెద్దదానికి గాలి సోకింది, తాయెత్తు కట్టించినాం. చిన్నదానికేం రోగం? బాగుండే బిడ్డకి రోగం అంటగట్టొద్దు" అంది.

మూడోసారి గౌసియా రేష్మాను తీసుకెళ్ళింది. నన్నూ రమ్మంది. ఆ ఇంటి పెరట్లో కుళాయి ఉంది. గౌసియా ఎవరితోనూ ఏమీ వాదించలేదు. "రేష్మా, మొగం కడుక్కో" అంది.

రేష్మా కుళాయి ముందు నిలబడింది. తల్లి ఆమెకు నాలుగడుగుల దూరంలో, చేతులు కట్టుకుని నిలబడింది. ఆ చేతులు కట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. పిల్ల కళ్ళు మూసుకుని నీళ్ళు చల్లుకుంది. కొంచెం ఊగింది. పాదాలు ఎడంగా జరుపుకుంది. మళ్ళీ నీళ్ళు చల్లుకుంది. నిలబడింది. గోడ పట్టుకుని నిలబడి చూస్తున్న ఆ ఇంటి పెద్దపిల్ల, "అమ్మీ, ఆ పిల్లకి గూడా నా మాదిరేనా?" అని అడిగింది.

ఆ మాటకు ఆ ఇంటావిడ కూలబడింది. మరుసటి వారం ఇద్దరు పిల్లల్నీ తిరుపతి తీసుకొచ్చారు. పెద్దదానిలో విటమిన్ లేదు. ఏ లక్షణమూ లేని షబ్రీన్ లోనూ లేదు.

ఇద్దరికీ మందు మొదలై ఏడాదిన్నర అయింది. పెద్దపిల్ల ఇంకా గోడ పట్టుకునే నడుస్తోంది, జబ్బు అక్కడే ఆగింది. అంతకుమించి డాక్టరు మాట ఇవ్వలేదు. షబ్రీన్ కు మాత్రం ఏమీ రాలేదు. మందు మానకపోతే వచ్చే అవకాశం లేదంటున్నారు. ఆ పిల్ల సైకిలు నేర్చుకుంటోందని, పడినా అందరు పిల్లలూ పడినట్టే పడుతోందని వాళ్ళమ్మ గౌసియాకు ఫోన్ చేసి చెప్పింది.

ఆ ఫోన్ వచ్చిన రోజు నేను కుట్టుకొట్లోనే ఉన్నాను. ఇప్పటికైనా నీ మనసు కొంచెం తేలికపడిందా గౌసియా అని అడిగాను. ఆమె మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"లేదు టీచరమ్మా. షబ్రీన్ బాగుంటే సంతోషమే. కానీ ఒకరు ఇంకొకరికి బదులౌతారా? నాకు కలలో మా అన్న ఇప్పుడు గూడా వస్తాడు. ఏమీ అనడు. ఆ మాత్ర గురించి అడగతాడేమో అని నేనే భయపడతా ఉంటా. ఆయన అడగడు."

బయట షేర్ ఆటోలు వెళ్తున్నాయి. ఆమె నా బట్ట చేతిలోకి తీసుకుని, చేతులు మోచేతి దాకా పెట్టమంటారా, రొంత పైకి పెట్టమంటారా అని అడిగింది.